ఫ్యామిలీ కోర్టు తీర్పుతో పాటు అప్పీలు దారి కూడా తెలుగులో రాసి ఇవ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా కోర్టుల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. చివరి ఏడేళ్లు ఒక ఫ్యామిలీ కోర్టులో, అందులోనూ ఎక్కువ కాలం నకళ్ల విభాగంలో గడిచింది. తీర్పు చెప్పిన తరువాత ఇరుపక్షాలవారూ వచ్చి నిలబడే ఆఖరి కిటికీ అదే. గెలిచినవారు నకలు తీసుకుని వెళ్లిపోతారు. ఓడినవారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు మేమేం చేయాలండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యతను చట్టం ఆ భవనంలో ఎవరికీ అప్పగించలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్ను వేధించిన ఈ లోటును మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికీ, మన రెండు రాష్ట్రాల హైకోర్టుల దృష్టికీ తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక సంఘటన చెబుతాను. బట్టలు కుట్టి బతికే ఒక అమ్మాయి, చంకలో మూడేళ్ల బిడ్డతో వచ్చి, తన కేసు మళ్లీ వాయిదా ఎప్పుడో చూసి చెప్పమని అడిగింది. రిజిస్టరు తిరగేస్తే ఆమె భర్త వేసిన విడాకుల పిటిషన్‌లో ఆయనకు అనుకూలంగా తీర్పు వచ్చి అప్పటికి అయిదు నెలలు దాటింది. ఆఖరి వాయిదాల్లో ఆమె తరఫున ఎవరూ లేరు. తీర్పు వచ్చిందని ఊళ్లో విన్నది కానీ, తాను ఒప్పుకోలేదు కాబట్టి కేసు దానంతట అదే పై కోర్టుకు వెళుతుందని అనుకుంది. ఎవరో ఆమెకు అలా చెప్పారట. ఆరోజే నకలుకు దరఖాస్తు పెట్టించి, న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి దారి చూపించాను. ఆలస్యాన్ని మన్నించమన్న పిటిషన్‌తో కలిపి హైకోర్టులో కాగితాలు పడ్డాయి. దానికి నంబరు పడేలోపే ఆమె భర్త మరో పెళ్లి చేసుకున్నాడు. ఆ తీర్పు తప్పో ఒప్పో తేల్చే స్థానం నాది కాదు. కానీ దాన్ని పై కోర్టు చేత ఒకసారి చూపించుకునే హక్కు ఆమెకు చట్టం ఇచ్చింది, ఆ సంగతి ఆమెకు చెప్పేవారు మాత్రం లేకపోయారు.

ఆ హక్కు ఎక్కడుందో ముందు చెప్పాలి. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. దాని 19వ సెక్షన్ ప్రకారం ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన తుది తీర్పు మీద గానీ, తుది ఉత్తర్వు మీద గానీ అప్పీలు నేరుగా హైకోర్టుకే వెళుతుంది. మధ్యలో జిల్లా కోర్టు లేదు. వాస్తవాల మీదా, చట్టం మీదా రెండింటి మీదా హైకోర్టు విచారించవచ్చు. ఆ విచారణ జరిపేది ఒక్క న్యాయమూర్తి కాదు, ఇద్దరికి తగ్గకుండా ఉన్న ధర్మాసనం. పొలం గట్టు తగాదాలో రెండో అప్పీలుకు వెళ్లినవారికి హైకోర్టు సాధారణంగా చట్టపరమైన ప్రశ్న ఉంటేనే తలుపు తీస్తుంది. సాక్ష్యాన్ని నమ్మాలా వద్దా అన్న చర్చలోకి మళ్లీ దిగదు. ఫ్యామిలీ కోర్టు అప్పీలులో ఆ అడ్డు లేదు. కింది కోర్టు న్యాయమూర్తి ఒక సాక్షిని నమ్మడం సరైనదా అన్నది కూడా ఇద్దరు న్యాయమూర్తులు కూర్చుని చూస్తారు. ఇంత విశాలమైన హక్కును ఇచ్చిన చట్టమే దానికి గడువు ముప్పై రోజులని పెట్టింది.

ఫ్యామిలీ కోర్టు లేని చోట దారి మారుతుందని కూడా ఇక్కడే చెప్పాలి. విడాకుల పిటిషన్ సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడిచి ఉంటే అప్పీలు సాధారణంగా జిల్లా కోర్టుకు వెళుతుంది. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వైతే సెషన్స్ కోర్టుకు, అదీ ఉత్తర్వు అందిన ముప్పై రోజుల్లో వెళ్లాలి. ఒకే ఇంటి గొడవ మీద మూడు కోర్టుల్లో మూడు కేసులు నడుస్తున్న దంపతులకు మూడు తీర్పులు వస్తే, మూడింటికీ మూడు దారులు. న్యాయవాదులు సైతం పుస్తకం తెరిచి చూసుకునే ఈ లెక్కను అక్షరం రాని మనిషి తనంతట తాను తెలుసుకోవాలని మన వ్యవస్థ ఆశిస్తోంది.

గడువు విషయంలో మరొక చిక్కు ఉంది. హిందూ వివాహ చట్టంలోని 28వ సెక్షన్ కింద అప్పీలుకు మొదట్లో ముప్పై రోజులే ఉండేవి. 2002లో ఒక కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఆ గడువు చాలదని స్పష్టంగా చెప్పింది. ఇంత పెద్ద దేశంలో దూరాలు, కక్షిదారుల ఆర్థిక స్థితి, అప్పీలు తయారు చేసుకోవడానికి పట్టే కాలం చూస్తే కనీసం తొంభై రోజులు ఉండాలని సూచించింది. పార్లమెంటు ఆ మాట మన్నించి 2003లో హిందూ వివాహ చట్టంలోనూ, ప్రత్యేక వివాహ చట్టంలోనూ గడువును తొంభై రోజులకు పెంచింది. కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని ముప్పై రోజులను మాత్రం ముట్టుకోలేదు. సగం తలుపు తెరిచి సగం వదిలేసినట్టైంది. హిందూ వివాహ చట్టం కింద ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన డిక్రీకి (తీర్పు ఫలితాన్ని లాంఛనంగా రాసిన పత్రానికి) కూడా తొంభై రోజులే వర్తిస్తాయని 2016లో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం చెప్పింది. ఆ వాదన న్యాయమైనదని నేనూ నమ్ముతాను. అయినా, నా కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ముప్పై రోజులే అనుకుని పరుగెత్తమని చెప్పేవాణ్ని, ఇప్పుడూ అదే చెబుతాను. తొంభై రోజులున్నాయన్న ధీమాతో కూర్చుని, తీరా హైకోర్టులో గడువు మీదే వాదించుకోవలసి రావడం ఎవరికీ మంచిది కాదు. పైగా ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద వచ్చిన డిక్రీకి గానీ, హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద వేసిన దావా తీర్పుకు గానీ ఆ తొంభై రోజుల ఆసరా లేదు.

ఇక నకలు సంగతి. ఇది నేను చేతులారా చేసిన పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, పాఠకులు ఓపిక పట్టాలి. అప్పీలుతో పాటు తీర్పు, డిక్రీల ధ్రువీకృత నకళ్లు జతచేయాలి. ఆ నకళ్లు సంపాదించుకోవడానికి అవసరమైన రోజులను గడువు లెక్కలోంచి తీసేయాలని కాలపరిమితి చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కానీ అదే సెక్షన్ కింద ఒక వివరణ ఉంది: నకలు కోసం దరఖాస్తు పెట్టకముందు, డిక్రీ తయారు చేయడానికి కోర్టు తీసుకున్న రోజులకు మినహాయింపు ఉండదు. అంటే డిక్రీ తయారయ్యాక దరఖాస్తు పెట్టుకుందాంలే అని ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ రోజులన్నీ తన ఖాతాలోనే ఖర్చవుతాయి. తీర్పు చెప్పిన రోజే, కోర్టు ఆవరణ దాటకముందే నకలుకు దరఖాస్తు పెట్టాలని నేను అందరికీ చెప్పింది ఇందుకే.

నకలు వెనుక వైపు ఒక ముద్ర ఉంటుంది. దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, తీసుకున్న తేదీ, ఇవన్నీ వరుసగా అందులో రాస్తాము. హైకోర్టు రిజిస్ట్రీలో గడువు లెక్క కట్టేవారు మొదట చూసేది ఆ ముద్రనే. మార్చి 1న తీర్పు వచ్చిందనుకుందాం. 5న దరఖాస్తు పెట్టి, స్టాంపులు అడిగిన రోజే కట్టేస్తే, నకలు 20న సిద్ధమైందనుకుందాం. 5 నుంచి 20 దాకా పదహారు రోజులు మినహాయింపు కాబట్టి, మార్చి 31తో ముగియవలసిన ముప్పై రోజుల గడువు ఏప్రిల్ 16 దాకా సాగుతుంది. కానీ స్టాంపులు అడిగినట్టు నోటీసు బోర్డులో పెట్టాక వారం రోజులు ఆలస్యంగా కడితే ఆ వారం పోయినట్టే. నకలు సిద్ధమైన తరువాత పది రోజులకు వచ్చి తీసుకుంటే ఆ పది రోజులూ పోయినట్టే. నోటీసు బోర్డు చూసుకోవడానికి రోజూ కోర్టుకు రాలేని కూలి మనుషులు ఈ రెండు చోట్లే ఎక్కువగా నష్టపోవడం నేను కళ్లారా చూశాను. బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి, నకలు ఇంకా కాలేదంటే తిరిగి వెళ్లి, మళ్లీ రావడానికి డబ్బులు సమకూర్చుకునే సరికి రెండు వారాలు దాటిపోయేవి.

హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగం ఒకటుంది. విడాకులు మంజూరు చేసిన కోర్టు ఆ డిక్రీ నకలును ఇరుపక్షాలకూ ఉచితంగా ఇవ్వాలని అందులో ఉంది. ఇది దయ కాదు, కోర్టు విధి. అడిగితే ఇస్తారు, అడగాలని తెలిసినవారే తక్కువ. అయితే ఆ ఉచిత నకలు వచ్చేదాకా ఆగకుండా, తీర్పు నకలు కోసం వేరే దరఖాస్తు కూడా ఆరోజే పెట్టుకోవడం క్షేమం.

గడువు దాటినవారికి దారులు పూర్తిగా మూసుకుపోవు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే మన్నించే అధికారం హైకోర్టుకు ఉంది. జబ్బు చేస్తే ఆసుపత్రి కాగితాలు, తీర్పు సంగతి ఆలస్యంగా తెలిస్తే ఎలా తెలిసిందో వివరించే ప్రమాణ పత్రం జతచేయాలి. ఆ పిటిషన్ తేలేదాకా అసలు అప్పీలు విచారణకే రాదు కాబట్టి, ఆ నెలల్లో అవతలివారు ఏం చేసుకున్నా అడ్డుకోవడం కష్టమవుతుంది. సమన్లు అందకుండానో, వాయిదాకు రాలేకపోయినందుకో ఎక్స్‌పార్టీగా, అంటే తాము లేకుండానే, డిక్రీ అయినవారికి అప్పీలు ఒక్కటే దారి కాదు. అదే ఫ్యామిలీ కోర్టులో దాన్ని రద్దు చేయమని ముప్పై రోజుల్లో పిటిషన్ వేసుకోవచ్చు. సమన్లు సరిగా అందని సందర్భంలో ఆ ముప్పై రోజులు డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి లెక్కిస్తారు. మనోవర్తి కేసులో ఎక్స్‌పార్టీ ఉత్తర్వైతే మూడు నెలల గడువు ఉంది.

అప్పీలు వేస్తే చాలు, తీర్పు ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు, 5వ రూలు ప్రకారం అప్పీలు దాఖలు చేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. ఆపమని విడిగా స్టే పిటిషన్ వేయాలి, హైకోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. హైకోర్టుకు వెళ్లడానికి నాలుగు రోజులు కావాలంటే, అప్పీలు గడువు లోపల ఆ కొద్దికాలం అమలు ఆపమని తీర్పు ఇచ్చిన కోర్టునే అడిగే వీలు కూడా ఆ రూలులో ఉంది. నా అనుభవంలో దీన్ని వాడుకున్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

విడాకుల డిక్రీ విషయంలో ఇది మరింత సున్నితమైన సంగతి. హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ ప్రకారం అప్పీలు గడువు ముగిసేదాకా, అప్పీలు పడితే అది కొట్టివేసేదాకా విడాకులు పొందినవారు మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. కాబట్టి గడువులోపల అప్పీలు వేసి, వేసిన సంగతిని అవతలి పక్షానికి రిజిస్టరు పోస్టులో వెంటనే తెలియజేయడం ఎంతో అవసరం. అయితే ఆ సెక్షన్‌ను ఉల్లంఘించి చేసుకున్న పెళ్లి అంతమాత్రాన శూన్యమైపోదని సుప్రీంకోర్టు 1978లోనూ, 2018లోనూ చెప్పింది. ఆ రెండు కేసుల పరిస్థితులు వేరువేరైనా, ఆలస్యంగా మేలుకున్నవారికి అవి చెప్పే సంగతి ఒక్కటే: అవతలి వ్యక్తికి కొత్త సంసారం ఏర్పడిన తరువాత అప్పీలు గెలిచినా చేతికొచ్చేది చాలా తక్కువ. నేను మొదట చెప్పిన అమ్మాయి ఉన్న స్థితి అదే.

మనోవర్తి కేసుల దారి వేరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ కింద ఫ్యామిలీ కోర్టు ఇచ్చే మనోవర్తి ఉత్తర్వు మీద అప్పీలు లేదు. హైకోర్టులో రివిజన్ వేయాలి. సాక్ష్యాన్ని మొత్తం మళ్లీ తూకం వేయడం రివిజన్‌లో సాధారణంగా జరగదు. ఉత్తర్వు సరైనదా, చట్టబద్ధమైనదా, సమంజసమైనదా అని మాత్రమే చూస్తారు. రివిజన్ వేశాను కదా అని నెలనెలా కట్టవలసింది ఆపేసిన భర్తలు బకాయిల కింద జైలుకు వెళ్లడం చూశాను. ఇటు వైపు, నెలకు మంజూరైన మొత్తం పిల్లల బడి ఫీజుకే చాలక, అయినా కోర్టు మాట అయిపోయింది కదా అని మౌనంగా వెళ్లిపోయిన తల్లులను అంతకన్నా ఎక్కువమందిని చూశాను. తక్కువ ఇచ్చారని రివిజన్ వేసే హక్కు వారికీ ఉంది. తరువాత పరిస్థితులు మారితే, జీతం పెరిగినా, ఉద్యోగం పోయినా, పిల్లల ఖర్చు పెరిగినా, మొత్తాన్ని మార్చమని అదే ఫ్యామిలీ కోర్టును అడిగే వీలు రెండు పక్షాలకూ ఉంది. దరఖాస్తు వేసిన తేదీ నుంచి మనోవర్తి లెక్కించాలని, ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు ప్రమాణపూర్వకంగా వెల్లడించాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నింటికీ చెప్పింది. మీ ఉత్తర్వులో ఆ రెండూ పాటించారో లేదో చూసుకోండి. పాటించకపోతే రివిజన్‌లో అది బలమైన అంశం.

కేసు మధ్యలో వచ్చే ఉత్తర్వుల మీద 19వ సెక్షన్ కింద అప్పీలు లేదు. పిల్లవాణ్ని ఆదివారం తండ్రికి చూపించమన్న ఉత్తర్వు, ఒక పత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించబోమన్న ఉత్తర్వు వంటివాటి మీద రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించాలి, అక్కడ జోక్యం పరిమితంగానే ఉంటుంది. పరస్పర అంగీకారంతో తీసుకున్న విడాకుల మీద కూడా అప్పీలు లేదు. మనసు మారితే డిక్రీ రాకముందే మారాలి. అప్పటిదాకా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మోసంతోనో బెదిరించో సంతకం పెట్టించారంటే అదే కోర్టు ముందు ఆ మాట రుజువు చేసుకోవాలి. పిల్లల సంరక్షణ ఉత్తర్వుల మీద అప్పీలు ఉన్నా, బిడ్డ మేలు కోరి పరిస్థితిని బట్టి వాటిని ఎప్పుడైనా మార్చమని కింది కోర్టునే అడగవచ్చు కనుక, హైకోర్టుకు పరుగెత్తే ముందు ఆ దారి గురించి కూడా న్యాయవాదిని అడగాలి.

హైకోర్టులో కేసు మళ్లీ మొదటి నుంచి నడుస్తుందనుకోవడం మరో అపోహ. సాక్షులను మళ్లీ పిలవరు. కింది కోర్టు నుంచి వచ్చిన రికార్డే అక్కడి విచారణకు పునాది. కొత్త సాక్ష్యం ఇవ్వాలంటే, కింది కోర్టు దాన్ని తప్పుగా తిరస్కరించిందనో, ఎంత శ్రద్ధ పెట్టినా అప్పట్లో అది దొరకలేదనో చూపించాలి. అందుకే ఫ్యామిలీ కోర్టులో చెప్పుకోని బాధ హైకోర్టులో వినబడదు. ఈ చట్టం కింద సాక్షి మాటలను పూర్తిగా రాయనక్కరలేదు, సారాంశం రాసుకుంటే చాలు. కాబట్టి ఆ సారాంశాన్ని చదివించుకుని, తప్పుంటే అక్కడే చెప్పి, తరువాతే సంతకం పెట్టాలి. హైకోర్టులోనూ ఓడితే సుప్రీంకోర్టుకు హక్కుగా అప్పీలు లేదు, తొంభై రోజుల్లో ప్రత్యేక అనుమతి కోరాలి. అది చాలా కొద్దిమందికే దొరుకుతుంది. ఆచరణలో చూస్తే, సాక్ష్యాన్ని తిరిగి పరిశీలించే ఆఖరి చోటు హైకోర్టులోని ఆ ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనమే.

ఇప్పుడు నా అసలు మనవికి వస్తాను. కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఈ కోర్టులో న్యాయవాదిని పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు. భార్యాభర్తలు తమ మాట తామే చెప్పుకోవాలని, న్యాయమూర్తి ముందుగా రాజీకి ప్రయత్నించాలని, వాతావరణం మామూలు కోర్టులా ఉండకూడదని చట్టం చేసినవారు కోరుకున్నారు. ఆ ఉద్దేశం గొప్పది. కానీ న్యాయవాది లేకుండా నడవాలని కట్టిన కోర్టు, తీర్పు చెప్పిన మరుక్షణం నుంచి న్యాయవాది మాత్రమే లెక్కకట్టగల గడువును ఆ మనిషి నెత్తిన పెడుతోంది. తీర్పు చాలా వరకు ఇంగ్లిషులో ఉంటుంది. పదిహేను ఇరవై పేజీలు తిరగేసినా, ఎక్కడికి, ఎన్ని రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చో అందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

చెప్పకూడదన్న నియమం ఏదీ లేదు. పైగా ఇతర చట్టాల్లో చెప్పి తీరాలన్న నియమమే ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. సమాచారం ఇవ్వనని తిరస్కరించే అధికారి, ఎన్ని రోజుల్లో ఎవరికి అప్పీలు చేసుకోవచ్చో అదే జవాబులో రాయాలని దాని 7వ సెక్షన్ ఎనిమిదో ఉపవిభాగం ఆదేశిస్తుంది. మరణశిక్ష విధించిన కోర్టు, ముద్దాయికి అప్పీలు హక్కుంటే దాని గడువును ఆయనకు తెలియజేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. రేషను కార్డు వివరాలు అడిగి కాదనిపించుకున్న మనిషికి అప్పీలు దారి కాగితం మీద రాసి ఇస్తున్నప్పుడు, పెళ్లి రద్దైన మనిషికి, బిడ్డను వదులుకోవలసి వచ్చిన మనిషికి రాసి ఇవ్వకపోవడానికి నాకు కారణం కనబడదు. ఇలా చెబితే న్యాయమూర్తి ఒక పక్షానికి సలహా ఇచ్చినట్టవుతుందని కొందరు సహోద్యోగులు నాతో వాదించేవారు. గెలిచినవారికీ ఓడినవారికీ ఒకే కాగితం ఇచ్చినప్పుడు అందులో పక్షపాతం ఎక్కడిది?

దీనికి పార్లమెంటు దాకా వెళ్లనక్కరలేదు. ఫ్యామిలీ కోర్టుల పనితీరుకు సంబంధించిన నియమాలు చేసే అధికారం 21వ సెక్షన్ కింద హైకోర్టులకే ఉంది. హైదరాబాదులోని తెలంగాణ హైకోర్టు గానీ, అమరావతి నేలపాడులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గానీ ఒక్క సర్క్యులర్ ఇస్తే మరుసటి నెల నుంచే అమలవుతుంది. దూరం ఎంత బరువో ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. ఇచ్ఛాపురం నుంచో, హిందూపురం నుంచో నేలపాడుకు రావాలంటే ఒక రాత్రి ప్రయాణం, ఒక పగటి కూలి పోతాయి. ఆసిఫాబాదు నుంచి హైదరాబాదుకు వచ్చేవారికీ అంతే. ఆ ప్రయాణం ఎందుకు చేయాలో, ఏ రోజులోపు చేయాలో ముందే తెలిసినవారు ఒక్కసారి వచ్చి పని ముగించుకుంటారు. తెలియనివారు మూడుసార్లు తిరిగి, మూడోసారి గడువు దాటిందని విని వెనక్కి వెళతారు. మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చెబుతోంది. హైకోర్టుల్లో అప్పీలు వేయడానికి కూడా ఆ సహాయం దొరుకుతుంది. ఈ సంగతి తెలియకే పుస్తెలు తాకట్టు పెట్టి ఫీజు తెచ్చినవారున్నారు.

తీర్పు నకలుకు జతచేసే ఆ కాగితం ఎలా ఉండాలో నా చేతనైనంతలో రాసి పంపుతున్నాను. న్యాయకోవిదులు దీన్ని సవరించవచ్చు. సంఖ్యలూ తేదీలూ నింపడానికి ఖాళీలుంచాను.

"ఈ కేసులో తీర్పు చెప్పిన తేదీ ........ . ఇది తుది తీర్పు / మనోవర్తి ఉత్తర్వు / పరస్పర అంగీకార డిక్రీ. తుది తీర్పైతే మీరు దీని మీద హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. గడువు ........ రోజులు. నకలుకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నకలు సిద్ధమైన రోజు దాకా ఈ గడువులో లెక్కించరు. మీ వల్ల జరిగిన ఆలస్యం మాత్రం లెక్కలోకి వస్తుంది. మనోవర్తి ఉత్తర్వైతే అప్పీలు ఉండదు, హైకోర్టులో రివిజన్ వేసుకోవచ్చు. పరస్పర అంగీకార డిక్రీ మీద అప్పీలు లేదు. అప్పీలు వేసినంత మాత్రాన ఈ తీర్పు ఆగదు. ఆపాలంటే స్టే కోసం విడిగా అడగాలి. మీరు రాకుండా ఎక్స్‌పార్టీగా తీర్పు అయి ఉంటే దాన్ని రద్దు చేయమని ఈ కోర్టునే అడగవచ్చు. న్యాయవాదిని పెట్టుకునే స్థోమత లేకపోతే ఇదే ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఉచితంగా ఫోను చేయండి. ఈ కాగితం మీకు చదివి వినిపించిన ఉద్యోగి సంతకం ........ . మీ సంతకం లేదా వేలిముద్ర ........ ."

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
కాకినాడ